శ్లాబుకి బెజ్జాలు వేసేవాళ్ల జబ్బల నొప్పి తగ్గాలంటే

రాజాం, బొబ్బిలి వైపు ఇప్పుడు ఏ కొత్తిల్లు చూసినా ఫాల్స్ సీలింగే. దాన్ని వేలాడదీయడానికి శ్లాబుకి బెజ్జాలు వేసే కుర్రాళ్లు సాయంత్రానికి జబ్బలు లాగేస్తున్నాయని బామ్ రాసుకుంటుంటారు. డ్రిల్ బరువు ఒక్కటే కాదు, చెయ్యి పైకెత్తి అలాగే ఉంచడం అసలు బాధ. కదలకుండా బిగిసిన కండరానికి రక్తం సరిగా అందదు. అందుకే మూడు కిలోల హ్యామర్ డ్రిల్ చేత్తో పట్టుకుని కొంత దూరం నడిచినా పెద్దగా ఏమనిపించదు, తల మీదకెత్తితే మాత్రం కాసేపటికే చెయ్యి వణుకుతుంది.

ముందు నిలబడే ఎత్తు చూసుకోండి. మునివేళ్ల మీద లేచి, చెయ్యి నిటారుగా చాపి బెజ్జం వేస్తున్నారంటే మీ స్టూల్ పొట్టిదన్నమాట. ఇంకాస్త ఎత్తైన, కదలని పరంజా వేసుకుంటే మోచెయ్యి వంగి డ్రిల్ ఒంటికి దగ్గరగా వస్తుంది. సగం బరువు తగ్గినట్టే ఉంటుంది. రెండు డ్రమ్ముల మీద చెక్క వేసి ఎక్కడం మాత్రం వద్దు. ఎత్తు పెరిగితే దుమ్ము మొహానికి దగ్గరవుతుంది కాబట్టి కళ్లద్దాలు, మాస్కు తప్పదు.

గదంతా ఒకే ఊపులో కొట్టేద్దామనుకోకండి. నాలుగు బెజ్జాలు వేశాక దిగి సీలింగ్‌కి బిగించే రేకు పట్టీలు (ఛానెల్) కోయండి, పైన పని తోటివాడికివ్వండి. భోజనం దాకా లాగించి గంట పడుకోవడం కన్నా మధ్యమధ్యలో రెండేసి నిమిషాలు చేతులు దించడమే మేలు. డ్రిల్‌కి పక్క హ్యాండిల్ పీకి పారేసేవాళ్లే ఎక్కువ, ఎందుకో మరి! అది బిగించుకుంటే బరువు రెండు చేతులకీ పడుతుంది. డ్రిల్ ముందుండే మొన (బిట్) మొద్దుబారితే మార్చేయండి, లేకపోతే నొక్కే బలమంతా భుజం నుంచే రావాలి.

రాత్రి నిద్రలో కూడా భుజం సలుపుతున్నా, చెయ్యి పైకి లేవకపోయినా బామ్‌తో సరిపెట్టకుండా ఎముకల డాక్టరుకి చూపించండి.