కర్నూలులో కరెంటు, కొళాయి కబురు మీ ఫోన్‌కే రావాలంటే: నంబర్ మార్పు దరఖాస్తు విధానం

కర్నూలులో ఇల్లు కొని చేరిన కొత్తలో ఒక సాయంత్రం బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. మాకు ఇల్లు అమ్మిన పెద్దాయన. "అమ్మా, రేపు పొద్దున తొమ్మిది నుంచి మీ వైపు కరెంటు ఉండదంట, నాకు మెసేజ్ వచ్చింది. ముందే మోటారు వేసుకోండి" అన్నారు. ఇల్లు మా పేరున రిజిస్టర్ అయింది కానీ మీటరుకు ఉన్న ఫోన్ నంబర్ ఇంకా ఆయనదే అని అప్పుడు తెలిసింది. పోనీలే, చెప్తున్నారు కదా అని మేమూ పట్టించుకోలేదు. కొన్ని నెలలు ఆయనే ఓపిగ్గా ఫోన్ చేసి చెప్తూ వచ్చారు.

ఒకసారి ఆయన ఆసుపత్రిలో ఉండి చెప్పలేకపోయారు. ఆ రోజే మా పాప నామకరణం. సంపు నిండా నీళ్లున్నాయి, మిద్దె మీద ట్యాంకు ఖాళీ, మోటారు తిరగదు. ముప్పై మంది విస్తళ్ల ముందు కూర్చున్నారు. మా తమ్ముడు బకెట్‌కు తాడు కట్టి సంపులోంచి నీళ్లు చేదుతుంటే, ఆడవాళ్లం వరసగా నిలబడి బిందెలు వంటింటికి అందించాం. మర్నాడే నేను నంబర్ మార్పు పని మొదలుపెట్టాను. ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి అన్నది అప్పుడు తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మా వీధిలోనే చూశాను, సగం ఇళ్లలో రికార్డుల్లో ఉన్నది చనిపోయిన నాన్నదో, ఖాళీ చేసిన అద్దెవాళ్లదో, ఎప్పుడో పారేసిన సిమ్‌దో నంబర్.

ముందుగా ఒక్క మాట. నంబర్ మార్చడం వేరు, పేరు మార్చడం వేరు. ఈ రెండూ కలిపేసుకుని "అమ్మో, డాక్యుమెంట్లు కావాలంట, వారసుల సంతకాలు కావాలంట" అని టెన్షన్ పడి చాలామంది అసలు ఆఫీసు గడపే తొక్కరు. ఆ కాగితాలు పేరు మార్పుకు. నంబర్ మార్పు చిన్న పని. మా దగ్గర ఎవరూ రూపాయి అడగలేదు. కాబట్టి నంబర్ ముందు మార్పించండి, పేరు సంగతి తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు.

కరెంటుతో మొదలుపెట్టండి

కర్నూలు, అనంతపురం, కడప మూడూ తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), అంటే ఏపీఎస్పీడీసీఎల్ కిందికే వస్తాయి. అందుకని ఈ భాగం మూడు ఊళ్లవాళ్లకూ పనికొస్తుంది.

కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పడం వాళ్లు మనకు చేసే ఉపకారం కాదు. కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల్లోనే ఆ మాట ఉంది. ముందే అనుకున్న కోత అయితే వినియోగదారుకు తెలియజేయాలి. ఉన్నట్టుండి పోతే వెంటనే మెసేజ్ రూపంలోనో మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో చెప్పాలి, మళ్లీ ఎప్పటికి వస్తుందో అంచనా కూడా ఇవ్వాలి. అయితే మీ నంబర్ వాళ్ల దగ్గర లేకపోతే ఆ కబురు ఎవరికి చేరుతుంది?

ఈ మధ్య వచ్చిన బిల్లు ఒకటి చేతిలోకి తీసుకోండి. అందులో రెండు నంబర్లు కనిపిస్తాయి. ఒకటి పాత పొట్టి సర్వీస్ నంబర్. రెండోది 13 అంకెల యూనిక్ సర్వీస్ నంబర్. మీకు కావలసింది ఆ 13 అంకెలదే. స్పాట్ బిల్లు కాగితం మీద అచ్చు నెలకే వెలిసిపోతుంది కాబట్టి ఆ నంబర్‌ను ఒక డైరీలో రాసి పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మీటరు మీద ఉన్న నంబర్‌తో కూడా సరిచూడండి. రెండు పోర్షన్ల ఇళ్లలో కింది మీటరు పైవాళ్లకూ, పై మీటరు కిందివాళ్లకూ రాసుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఆ బిల్లు, ఆధార్ జిరాక్స్ తీసుకుని మీ ఏరియా కరెంటు ఆఫీసులోని కస్టమర్ సర్వీస్ సెంటర్‌కు గానీ, వార్డు సచివాలయంలో ఎనర్జీ సెక్రటరీ దగ్గరికి గానీ వెళ్లండి. ఫలానా సర్వీసుకు ఉన్న పాత నంబర్ తీసేసి ఈ నంబర్ చేర్చండని రాసి ఇవ్వండి. పాత నంబర్ చివరి అంకెలు ఏమిటో అక్కడే అడగండి. అది ఎవరిదో గుర్తుపడితే ఇన్నాళ్లూ మీ మెసేజ్‌లు ఎవరికి పోయాయో తెలిసిపోతుంది. కరెంటు పోతే ఫిర్యాదు చేసే 1912కు ఫోన్ చేసినా ఆ 13 అంకెల నంబర్ చెబితే పని చకచకా సాగుతుంది.

ఇంటి పన్ను, కొళాయి

మా ఊరి నీళ్ల కథ అందరికీ తెలిసిందే. తుంగభద్ర పారినన్నాళ్లు ఫర్వాలేదు. ఎండాకాలంలో ఏరు అడుగంటితే మునగాలపాడు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు వైపు, గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి హంద్రీ నదిలోకి వదిలే నీళ్ల వైపు చూడాలి. అలాంటప్పుడు పైపు పగిలి ఒక పూట నీళ్లు బంద్ అయినా, వదిలే టైము మారినా ముందే తెలిస్తే రెండు బిందెలు ఎక్కువ పట్టుకుంటాం. తెలియకపోతే ట్యాంకర్ కోసం రోడ్డు మీద నిలబడాలి.

నగరపాలక సంస్థ దగ్గర మీ ఇంటికి రెండు రికార్డులు ఉంటాయి: ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబర్, కొళాయి కనెక్షన్ నంబర్. దరఖాస్తులో రెండూ రాయండి. నేను మొదట అసెస్‌మెంట్ నంబర్ ఒక్కటే రాశాను. అదే మార్చారు, కొళాయిది అలాగే ఉండిపోయింది. మళ్లీ ఇంకో కాగితం రాయాల్సి వచ్చింది. రెండోసారి నేను రాసిచ్చింది దాదాపు ఇలా ఉంది, మీ వివరాలు పెట్టి వాడుకోండి:

"కర్నూలు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,
విషయం: ఇంటి పన్ను, కొళాయి రికార్డుల్లో ఫోన్ నంబర్ మార్పు గురించి.
అయ్యా, నేను ఫలానా వార్డు, ఫలానా డోర్ నంబర్ ఇంట్లో ఉంటున్నాను. మా ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబర్ ఇది, కొళాయి కనెక్షన్ నంబర్ ఇది. ఈ రెండు రికార్డుల్లోనూ పాత యజమాని ఫోన్ నంబర్ ఉంది. దాన్ని తీసేసి, ఈ కింది నంబర్ నమోదు చేయగలరు. ఆధార్ జిరాక్స్, చివరగా కట్టిన పన్ను రసీదు జతచేశాను."

కింద సంతకం, తేదీ, ఫోన్ నంబర్. అంకెలు విడివిడిగా, పెద్దగా రాయండి. ఒకటి, ఏడు ఒకేలా రాస్తే మీ మెసేజ్ ఇంకెవరికో పోతుంది. ఈ కాగితాన్ని ఆఫీసులో గానీ వార్డు సచివాలయంలో గానీ ఇచ్చి, దరఖాస్తు నంబర్ ఉన్న రసీదు తీసుకోండి. "పెట్టిపోండి, చూస్తాం" అంటే మర్యాదగానే "రసీదు ఇప్పించండి సార్" అని నిలబడండి. తర్వాత ఎవరిని అడగాలన్నా ఆ నంబరే ఆధారం.

ఇందులో డబ్బు లాభం కూడా ఉంది. ఏడాది మొత్తం ఇంటి పన్ను ఏప్రిల్ 30లోపు ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది. ఆ గుర్తుచేసే మెసేజ్ పాత యజమానికి పోతే మీకేం లాభం?

వాట్సాప్‌లో మన మిత్ర

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర మొదలుపెట్టింది, మొదటి విడతలో 161 సేవలతో. ఫోన్‌లో 95523 00009 నంబర్ సేవ్ చేసుకుని, వాట్సాప్‌లో హాయ్ అని పంపితే మెనూ వస్తుంది. అందులో శాఖ ఎంచుకుని కరెంటు బిల్లు, ఇంటి పన్ను చూసుకోవచ్చు, కట్టవచ్చు, ఫిర్యాదూ పెట్టవచ్చు. ఇక్కడ కూడా ఆ 13 అంకెలూ, అసెస్‌మెంట్ నంబరూ అడుగుతుంది. డైరీలో రాసి పెట్టుకోమన్నది ఇందుకే.

ఇంత చేసినా కొన్ని కబుర్లు మెసేజ్‌గా రావు. ఆధార్ క్యాంపు, టీకాల రోజు, పెన్షన్ సంగతి, మీ వీధిలో డ్రైనేజీ పని, ఇవన్నీ మా వార్డులో సచివాలయం వాట్సాప్ గ్రూపులోనే తెలుస్తాయి. కాగితం ఇచ్చిన రోజే "మా వీధి గ్రూపు ఉంటే నన్నూ చేర్చండి" అని అడగండి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర మామూలు బటన్ ఫోనే ఉంటే, పక్కింటి పిల్లల్లో ఒకరి నంబర్ ఇవ్వండి. మా ఎదురింటి అవ్వకు మా అబ్బాయే చదివి చెప్తాడు.

పని కాకపోతే

నెల చూడండి. తర్వాతి కరెంటు బిల్లు మెసేజ్ మీ ఫోన్‌కు వస్తే పనైనట్టే. రాకపోతే రసీదు తీసుకుని మళ్లీ వెళ్లండి. అప్పటికీ కదలకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబర్ 1100కు ఫోన్ చేయండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఒక్క కరెంటు విషయమే అయితే తిరుపతిలో డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. "బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని మామూలు పది అంకెల ఫోన్ నంబర్ నుంచి మెసేజ్ వస్తే అది దొంగదే. లింకు నొక్కకండి, యాప్ దింపకండి, ఓటీపీ చెప్పకండి. మీ నంబర్ రికార్డులో సరిగ్గా ఉంటే అసలు మెసేజ్ ఎలా ఉంటుందో నెలనెలా చూస్తూ ఉంటారు కాబట్టి తేడా ఇట్టే కనిపెడతారు. పొరపాటున డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కు ఫోన్ చేయండి.

అద్దె ఇళ్ల సంగతి. ఓనరు నంబరా, అద్దెకున్నవాళ్ల నంబరా అని చాలామంది అడుగుతారు. కరెంటు సర్వీసుకు ఇంట్లో ఉండేవాళ్ల నంబరే పెట్టాలని నా అభిప్రాయం. చీకట్లో కూర్చునేది వాళ్లు. బిల్లు కట్టారో లేదో ఓనరు ఆ 13 అంకెలతో ఎక్కడున్నా చూసుకోవచ్చు. పన్నుకు మాత్రం ఓనరు నంబర్ ఉండాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళాలు ఇచ్చే రోజే ఈ నంబర్ కూడా మార్పించి వెళ్లండి, కొత్తగా చేరేవాళ్లకు ఫోన్ చేసి చెప్పే పని మీ మీద పడదు.