విదేశీ సైనిక జోక్యానికి జమాఖర్చు రాయడం ఎలా: అఫ్గానిస్థాన్ ఉదాహరణగా

2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి, ఆ దేశం ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒకే ప్రశ్న ఎదురవుతోంది: ఇరవై ఏళ్ళ అమెరికా యుద్ధానికి తగిన ఫలితం దక్కిందా, లేక అంతా బూడిదలో పోసిన పన్నీరేనా? మా ఊరి శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులతో ఏటా ఒకసారి ఈ ప్రశ్నపై చర్చ పెడుతుంటాను. పది నిమిషాలు గడవకముందే గది రెండుగా చీలుతుంది. కొందరు కదిలే విమానాన్ని పట్టుకుని వేలాడిన మనుషుల దృశ్యాన్ని గుర్తుచేస్తారు, మరికొందరు బడికి వెళ్ళిన ఆడపిల్లల సంఖ్య చెబుతారు. రెండూ నిజాలే కనుక ఎవరూ ఓడిపోరు, ఎవరికీ కొత్తగా ఏమీ తెలియదు. ఈ చిక్కు విడదీయడానికి నేను వాడేది పాతకాలపు కిరాణా కొట్టు పద్ధతి. ముందు చిట్టా, అంటే జరిగింది జరిగినట్టు వరుసగా రాయాలి, తరువాత పద్దులవారీగా ఆవర్జాలోకి, అంటే ఖాతా పుస్తకంలోకి ఎక్కించాలి, చివర నిల్వ చూడాలి. తొందరపడి నిల్వతో మొదలుపెట్టిన వాడి లెక్క ఎప్పుడూ తప్పే అవుతుంది.

మొదటి పేజీ: ఎందుకు వెళ్ళారు

సైన్యాన్ని పంపిన రోజున ఏ కారణం చెప్పారో ఆ మాటల్లోనే రాసుకోండి. తరువాతి సంవత్సరాల్లో చేర్చిన కారణాలను ఆ పేజీలోకి రానివ్వకండి, వాటికి వేరే పేజీ ఉంటుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత వారం రోజులకు, సెప్టెంబరు 18న, అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన తీర్మానం చాలా చిన్నది. ఆ దాడులను పథకం వేసి జరిపించినవారిపైనా, వారికి ఆశ్రయమిచ్చినవారిపైనా బలప్రయోగానికి అది అనుమతి ఇచ్చింది. అందులో ప్రజాస్వామ్యం ఊసు లేదు, ఆడపిల్లల చదువు లేదు, గసగసాల సాగు నిర్మూలన లేదు. అక్టోబరు 7న బాంబుదాడులు మొదలయ్యాయి, డిసెంబరు మొదటి వారానికి తాలిబన్లు కాందహార్‌ను కూడా వదిలిపెట్టారు. ఒసామా బిన్ లాడెన్ మాత్రం తోరాబోరా కొండల్లో నుంచి తప్పించుకున్నాడు.

తరువాత చేరిన కారణాలకు కూడా తేదీలు వేయండి. 2002 ఏప్రిల్‌లో బుష్ వర్జీనియాలోని ఒక సైనిక కళాశాలలో మాట్లాడుతూ రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా సాయంతో యూరప్‌ను తిరిగి నిలబెట్టిన మార్షల్ ప్రణాళికను గుర్తుచేశారు. శత్రువును పట్టుకోవడానికి వెళ్ళిన సైన్యం దేశాన్ని నిర్మించడానికి ఆగిపోయిందని ఆ తేదీ చెబుతుంది. ఒక కారణం నెరవేరగానే దాని స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంటే, ఆ యుద్ధాన్ని ముగించే గీటురాయి ఎవరి దగ్గరా ఉండదు.

ఇరవై ఏళ్ళను ముక్కలు చేయండి

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసింది ఇక్కడే. ఇరవై ఏళ్ళకు కలిపి ఒకే తీర్పు అడిగితే ఏ తీర్పూ నిలవదు. కాలాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క దగ్గర ఈ ప్రశ్న అడగండి: ఈ రోజున ఆగి ఉంటే చేతిలో ఏముండేది, కొనసాగినందువల్ల అదనంగా ఏమి వచ్చింది?

మొదటి ముక్క 2001 అక్టోబరు నుంచి 2002 దాకా. తక్కువ సైన్యం, తక్కువ ప్రాణనష్టం, అనుకున్న పనిలో పెద్ద భాగం పూర్తి. అయితే అసలు పొరపాటు కూడా ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. డిసెంబరులో కాందహార్ తాలిబన్ నాయకులు, తరువాత దేశాధ్యక్షుడైన హమీద్ కర్జాయ్‌తో లొంగుబాటు గురించి మాట్లాడారు. తాలిబన్ అధినేత ముల్లా ఒమర్‌ను గౌరవంగా బతకనిచ్చే ఏ ఒప్పందానికీ తాము అంగీకరించబోమని అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ బహిరంగంగా చెప్పారు. కొత్త ప్రభుత్వాన్ని ఏర్పరచిన జర్మనీలోని బాన్ సమావేశానికి తాలిబన్లకు పిలుపే లేదు. ఓడిపోయి, బేరానికి సిద్ధపడిన వారితో అప్పుడు మాట్లాడలేదు. గెలుస్తున్న వారితో 2020 ఫిబ్రవరి 29న దోహాలో నిష్క్రమణ ఒప్పందంపై సంతకం చేశారు, అదీ కాబూల్ ప్రభుత్వాన్ని పక్కన కూర్చోబెట్టకుండానే.

రెండో ముక్క 2003 నుంచి 2008 వరకు. 2003 మే 1న రమ్స్‌ఫెల్డ్ కాబూల్‌లో ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించారు. అప్పటికే అమెరికా ధ్యాస, ధనం ఇరాక్ వైపు మళ్ళాయి. ఖాళీ దొరికిన చోట తాలిబన్లు తిరిగి పాతుకున్నారు. మూడో ముక్క 2009 నుంచి 2014 వరకు. బరాక్ ఒబామా అదనంగా 30 వేల మందిని పంపడంతో అమెరికా సైన్యం దాదాపు లక్షకు చేరింది, 2010 ఒక్క ఏడాదిలోనే దాదాపు 500 మంది అమెరికా సైనికులు మరణించారు. ఖర్చు అత్యధికంగా ఉన్న కాలం ఇదే. అంత చేసి పట్టు సంపాదించిన హెల్మండ్ ప్రావిన్సు జిల్లాల్లో చాలావరకు కొద్ది సంవత్సరాల్లోనే చేజారాయి. బిన్ లాడెన్ 2011 మే 2న హతమైంది కూడా ఈ ముక్కలోనే, కాని అఫ్గానిస్థాన్‌లో కాదు, పాకిస్థాన్‌లోని అబోటాబాద్‌లో. హెలికాప్టర్లు జలాలాబాద్ నుంచి ఎగిరాయి కనుక దీన్ని జమ వైపు రాయడానికి అభ్యంతరం లేదు. అయితే అందుకు లక్ష మంది అవసరమా అన్న ప్రశ్నను పక్కనే రాయాలి.

నాలుగో ముక్క 2015 నుంచి 2021 వరకు. అమెరికాలో ఈ కాలాన్ని చవకైన యుద్ధమని చెప్పుకునేవారు. ఎవరికి చవక? 2019 జనవరిలో దావోస్‌లో అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ ఒక లెక్క చెప్పారు: తాను 2014లో పదవి చేపట్టినప్పటి నుంచి 45 వేల మందికి పైగా అఫ్గాన్ భద్రతా సిబ్బంది మరణించగా, విదేశీ సైనికుల మరణాలు 72కు లోపే. ఈ రెండు అంకెలను ఒకే గీత మీద రాసి చూడండి. మా గ్రంథాలయంలో ఈ గీత దగ్గరే గదిలో మాటలు ఆగిపోతాయి.

ఖర్చు పద్దు: ముందు ఎవరి పేరు

సాధారణంగా వార్తాపత్రికలు అమెరికా ఖర్చుతో మొదలుపెడతాయి. మీరు తిరగేసి రాయండి. బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకుల అంచనా ప్రకారం 46 వేలకు పైగా అఫ్గాన్ పౌరులు, 66 వేలకు పైగా అఫ్గాన్ సైనికులు, పోలీసులు, 50 వేలకు పైగా తాలిబన్ తదితర తిరుగుబాటుదారులు యుద్ధంలో నేరుగా చనిపోయారు. అమెరికా సైనికుల మరణాలు 2,400 పైచిలుకు, బ్రిటన్ సైనికులు 457 మంది. డబ్బు లెక్క అదే బృందం చెప్పిన ప్రకారం 2.3 లక్షల కోట్ల డాలర్లు. గాయపడి తిరిగివచ్చిన అమెరికా సైనికులకు ఇకముందు జీవితాంతం అందించవలసిన వైద్యం, అప్పులపై రాబోయే వడ్డీ ఇందులో లేవు. అంటే ఈ పద్దు ఇంకా మూయలేదు.

పెద్ద అంకెలు కంటికి ఆనవు కనుక ప్రతి పద్దు కింద ఒక చిన్న ఖర్చును దగ్గరగా చూడండి. పునర్నిర్మాణ నిధులను తనిఖీ చేయడానికి అమెరికా ఏర్పాటు చేసిన ప్రత్యేక కార్యాలయం 2017లో ఒక నివేదిక ఇచ్చింది. అఫ్గాన్ సైనికుల యూనిఫాంకు అక్కడి రక్షణ మంత్రి ఇష్టపడి అడవి రంగుల నమూనాను ఎంచుకున్నారు. అది ఒక సంస్థ సొంత హక్కులున్న నమూనా కావడంతో, సొంత హక్కుల బెడద లేని నమూనాతో పోలిస్తే దాదాపు 2.8 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చయిందని అంచనా. ఆ దేశ భూభాగంలో అడవి రెండు శాతమే. ఎర్రటి దుమ్ములో, బూడిదరంగు రాళ్ళ మధ్య ఆకుపచ్చ చొక్కాతో నిలబడిన కాపలా సైనికుడిని ఒక్కసారి ఊహించుకోండి. అఫ్గాన్ వైమానిక దళం కోసం దాదాపు 55 కోట్ల డాలర్ల పథకంలో కొన్న 20 పాత రవాణా విమానాల కథ ఇంకా ఘోరం. విడిభాగాలు దొరక్క మూలపడిన వాటిలో 16 విమానాలను ముక్కలు చేసి పాత సామాను కింద అమ్మితే వచ్చింది 40 వేల డాలర్ల చిల్లర. మన వీధిలో పాత ఇనుము కొనేవాడు కూడా ఇంతకన్నా మంచి ధర చెప్పేవాడేమో.

జమ పద్దు: రెండు నిలువు గీతలు గీయండి

దళాలు ఉన్నంతకాలం ఉన్నది ఒక గడిలో, దళాలు వెళ్ళాక మిగిలినది మరొక గడిలో రాయాలి. యునెస్కో లెక్కల్లో ప్రాథమిక పాఠశాలల్లో ఆడపిల్లల సంఖ్య 2001లో దాదాపు సున్నా నుంచి 2018 నాటికి 25 లక్షలకు పెరిగింది. పేరు నమోదైన పిల్లలు వేరు, రోజూ బడికి వచ్చే పిల్లలు వేరు అన్న సంగతి మన ప్రభుత్వ బడుల హాజరు పట్టీలు చూసినవారికి చెప్పనక్కరలేదు. అయినా ఆ మార్పు నిజమైనదే. ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయి, ఆయుర్దాయం పెరిగింది.

ఇప్పుడు రెండో గడి. 2022 మార్చి 23న మాధ్యమిక పాఠశాలలు తెరుస్తున్నారని చెబితే అమ్మాయిలు సంచులు సర్దుకుని వెళ్ళారు. కొద్ది గంటల్లోనే వెనక్కి పంపారు, తలుపులు మూశారు. ఆ ఏడాది డిసెంబరు 20న విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూశారు. అయితే ఈ గడిలో సున్నా వేయడం తప్పు. ఇరవై ఏళ్ళలో చదువుకున్న నర్సు, ఉపాధ్యాయురాలు, న్యాయవాది నేర్చుకున్నది ఏ ఉత్తర్వూ తిరిగి తీసుకోలేదు. బతికిన పసిబిడ్డ బతికినట్టే. మారగలిగే వాటిని పెన్సిలుతో, మారనివాటిని సిరాతో రాయమని నేను చెబుతుంటాను.

అప్పులో కట్టిన మేడను ఆస్తిగా రాయకూడదన్న నియమం ఈ పద్దుకూ వర్తిస్తుంది. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం అప్పటి అఫ్గాన్ ప్రభుత్వ వ్యయంలో దాదాపు 75 శాతం విదేశీ సాయమే. సైన్యం మీద అమెరికా 8,800 కోట్ల డాలర్లు వెచ్చించినా, విమానాలను బాగుచేసేది విదేశీ కాంట్రాక్టర్లు. వారు వెళ్ళగానే విమానాలు నేలకు పరిమితమయ్యాయి. ఇక్కడ సోవియట్ ఉదాహరణ పక్కన పెట్టి చూడాలి. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ దళాల అధిపతి జనరల్ బోరిస్ గ్రొమోవ్ సరిహద్దు వంతెన దాటి వెళ్ళిపోయాక కూడా, ఆ దళాల అండతో నడిచిన నజీబుల్లా ప్రభుత్వం 1992 ఏప్రిల్ దాకా నిలబడింది, మాస్కో నుంచి డబ్బు, ఇంధనం ఆగిపోయాకే కూలింది. కాబూల్‌లో ఘనీ ప్రభుత్వం చివరి అమెరికా సైనికుడు విమానం ఎక్కకముందే కూలిపోయింది.

గసగసాల పద్దు మరీ విడ్డూరం. నిర్మూలనకు అమెరికా దాదాపు 900 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టినా 2017లో సాగు 3.28 లక్షల హెక్టార్లకు చేరింది. తాలిబన్లు 2022 ఏప్రిల్‌లో నిషేధించాక మరుసటి ఏడాదికి సాగు 95 శాతం పడిపోయింది. దీన్ని తాలిబన్ల ఘనతగా రాసుకుని మురిసిపోనక్కరలేదు, ఆ నిషేధంతో పేద రైతు నోటి దగ్గర కూడు పోయింది. ఆ లక్ష్యానికి సైనిక జోక్యం సాధనం కాదన్న సంగతి మాత్రం రాసుకోవాలి.

కలపకూడని రెండు లెక్కలు

వెళ్ళిపోవాలన్న నిర్ణయం ఒకటి, వెళ్ళిన తీరు ఇంకొకటి. 2021 జులై మొదట్లో అమెరికా ప్రధాన వైమానిక స్థావరమైన బగ్రామ్‌ను రాత్రికి రాత్రి, కరెంటు ఆపేసి, తనకు చెప్పకుండానే ఖాళీ చేశారని కొత్త అఫ్గాన్ కమాండరే విలేకరులకు చెప్పారు. ఆగస్టు 26న విమానాశ్రయం గేటు దగ్గర జరిగిన ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, దాదాపు 170 మంది అఫ్గాన్లు చనిపోయారు. మూడు రోజుల తరువాత అమెరికా డ్రోన్ దాడిలో ఏడుగురు పిల్లలు సహా పది మంది పౌరులు బలయ్యారు. మొదట సమర్థించుకున్న రక్షణ శాఖ సెప్టెంబరులో తప్పును ఒప్పుకుంది. ఇవన్నీ నిష్క్రమణ పద్దులోకి వెళ్ళాలి. నిష్క్రమణ అధ్వానంగా జరిగిందని యుద్ధం కొనసాగవలసిందని వాదించడం, యుద్ధం తప్పు కనుక నిష్క్రమణ ఎలా జరిగినా ఫరవాలేదనడం, రెండూ లెక్కలో కల్తీయే.

అలాగే "ఇంతమంది చనిపోయాక ఇప్పుడు వదిలేస్తామా" అన్న మాట ఎక్కడ కనిపించినా దాన్ని జమ వైపు రాయకండి. పోయిన పెట్టుబడి మీద మమకారంతో నష్టాల సరుకును ఇంకా కొనే వ్యాపారి మాట అది. చెప్పేవారు ఎవరో కూడా చూడాలి. కమాండర్లు మారినప్పుడల్లా కీలక మలుపు వచ్చిందని ప్రకటించారు. వైట్‌హౌస్‌లో ఆ యుద్ధ వ్యవహారాలు చూసిన డగ్లస్ ల్యూట్ మాత్రం, అఫ్గానిస్థాన్ గురించి తమకు మౌలికమైన అవగాహనే లేదని 2015లో అధికారులకు లోపల చెప్పారు. అది 2019 డిసెంబరులో గాని బయటికి రాలేదు. వేదిక మీది మాటకన్నా ఇలాంటి గదిలోపలి మాటకు ఎక్కువ మార్కులు వేయండి.

ఇలా రాస్తే నాకు వచ్చిన నిల్వ ఇది. మొదటి ముక్కకు కారణమూ ఉంది, ఫలితమూ ఉంది. దాన్ని రాజకీయ ఒప్పందంగా మార్చుకోలేదు. మూడో ముక్క ఖర్చుకు తగిన ఫలితం ఏ పద్దులోనూ కనిపించదు. నాలుగో ముక్క అఫ్గాన్ సైనికుల ప్రాణాలతో కొన్న వాయిదా. 2022 జులై 31న కాబూల్‌లో ఒక ఇంటి బాల్కనీలో నిలబడిన అల్ ఖైదా అధినేత అయ్‌మన్ అల్ జవాహిరీని, ఆ దేశంలో ఒక్క అమెరికా దళం కూడా లేని కాలంలో, డ్రోన్‌తో చంపగలగడం ఆ వాయిదా అవసరాన్ని మరింత సందేహంలో పడేస్తుంది. అతడు తాలిబన్ల రాజధానిలో దర్జాగా కాపురం ఉన్నాడన్నది మాత్రం ఎదుటి పక్షం వాదన, దాన్నీ రాసి ఉంచాను.

చెయ్యి తిరగాలంటే పరాయివారి లెక్క ఒకటి రాశాక మన లెక్క కూడా ఒకటి రాయాలి. 1987 జులై 29 ఒప్పందంతో శ్రీలంకకు వెళ్ళిన భారత శాంతి పరిరక్షక దళం 1990 మార్చి 24న తిరిగివచ్చింది, దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని. శాంతిని కాపాడడానికి వెళ్ళిన దళం మూడు నెలలు తిరగకముందే ఎల్‌టీటీఈతో యుద్ధంలోకి దిగింది కనుక మొదటి పేజీ, రెండో పేజీ మధ్య తేదీలు జాగ్రత్తగా వేయండి. జమ వైపు ఆ ఒప్పందం ఫలితంగా వచ్చిన శ్రీలంక 13వ రాజ్యాంగ సవరణ ఉంది, దానితో ఏర్పడిన ప్రాంతీయ మండలులు కాగితం మీద ఇప్పటికీ ఉన్నాయి, ఉత్తర తూర్పు ప్రాంతాల విలీనాన్ని మాత్రం 2006లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ సవరణను సిరాతో రాయాలా పెన్సిలుతో రాయాలా అన్నది మా గ్రంథాలయంలో రెండేళ్ళుగా తేలలేదు.