గొల్లభామ కుబుసం సరిగ్గా విడవడం లేదా? సమస్య - పరిష్కారం

ఇది ఇంట్లో డబ్బాలో గొల్లభామని పెంచుకునేవాళ్ళ కోసం. ఇక్కడ గొల్లభామ అంటే ముందుకాళ్ళు దణ్ణం పెడుతున్నట్టు ముడుచుకుని కూర్చునే పురుగు. కొన్ని ఊళ్ళల్లో మిడతని కూడా ఇదే పేరుతో పిలుస్తారు, కానీ ఈ సూచనలు మిడతకి పనికిరావు. కింద ఇచ్చిన కొలతలు, తేమ లెక్కలు మన తోటల్లో కనిపించే పెద్ద ఆకుపచ్చ గొల్లభామవి, అంటే హైరోడ్యూలా జాతివి. ఎండుటాకులా ఉండే వయొలిన్ గొల్లభామకి వేడి, పొడి గాలి కావాలి. దాని డబ్బాలో ఇంత తేమ పెట్టకండి.

గుడ్డులోంచి వచ్చింది మొదలు రెక్కలొచ్చేదాకా ఇది ఏడెనిమిది సార్లు కుబుసం విడుస్తుంది. ప్రతిసారీ పద్ధతి ఒకటే. పైకప్పుకి గోళ్ళు గుచ్చి తలకిందులుగా వేలాడుతుంది. వీపు మీద పాత చర్మం చిట్లుతుంది. కొత్త ఒళ్ళు సొంత బరువుతో కిందికి జారుతుంది. ముందు తల, ఆ తర్వాత కాళ్ళు బయటికొస్తాయి. కడుపు కొస మాత్రం పాత చర్మంలోనే ఉండగా కాసేపు కదలకుండా వేలాడుతుంది. కాళ్ళు కాస్త గట్టిపడగానే పైకి వంగి, ఆ పాత చర్మాన్నే పట్టుకుని మిగతా ఒళ్ళు లాక్కుంటుంది. ఇదంతా సుమారు పావుగంట నుంచి అరగంట పని. పురుగు బలం కంటే దాని బరువే ఇక్కడ ఎక్కువ పని చేస్తుంది. పట్టు జారినా, కింద చోటు చాలకపోయినా, చర్మం ఎండి అంటుకున్నా ఆ బరువు అక్కరకి రాదు. కింది సమస్యల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి నుంచే పుడతాయి.

తిండి మానేసి పైకప్పుకి వేలాడుతోంది

ఇది జబ్బు కాదు, కుబుసం దగ్గరపడిందని అర్థం. పిల్ల పురుగులు ఒకటి రెండు రోజుల ముందు తిండి మానేస్తాయి. రెక్కలు రాబోయే చివరిసారి అయితే వారం దాకా తినకపోవచ్చు. అప్పుడు వీపు మీది రెక్కల మొగ్గలు ఉబ్బి కనిపిస్తాయి. చేయాల్సిన మొదటి పని డబ్బాలో మిగిలిన కీచురాయిని, బొద్దింక పిల్లని తీసేయడం. మెత్తగా వేలాడుతున్న గొల్లభామని కీచురాయి కొరికి తినేస్తుంది. రెండో పని డబ్బాని కదపకుండా ఉంచడం. ఫొటో కోసం మూత తీయడం కూడా వద్దు.

తిండి మానేసినా కడుపు పల్చగా ఉండి, మొగ్గలు ఉబ్బకపోతే గది చల్లగా ఉందేమో చూడండి. 24 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి.

మధ్యలో కింద పడిపోయింది

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. గాజు, నున్నటి ప్లాస్టిక్ మూతలకి గోళ్ళు పట్టవు. మామూలు రోజుల్లో ఎలాగో పాకుతుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. ఒంటి బరువంతా ఆ గోళ్ళ మీదే పడినప్పుడు మాత్రం జారిపోతుంది. డబ్బా గాలికి ఊగినా, ఎవరైనా తట్టినా పడుతుంది. చివరి కుబుసానికి ముందు అతిగా తిని కడుపు బిగుసుకున్న ఆడ పురుగుకి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ దశలో మేత కొంచెం తగ్గించండి.

పడిన వెంటనే చూస్తే ఇంకా ఆశ ఉంది. పురుగుని ముట్టుకోకండి, ఒళ్ళు మైనంలా మెత్తగా ఉంటుంది. పాత చర్మంలో ఖాళీ అయిన భాగాన్ని ట్వీజర్‌తో పట్టుకుని, మొత్తాన్ని మెల్లగా పైకెత్తండి. ఆ ఖాళీ చర్మంలోకే గుండుసూది గుచ్చి మూత లోపలి గుడ్డకి తగిలించండి, తల కిందికి ఉండాలి. చర్మం పూర్తిగా ఊడిపోయి ఉంటే గరుకైన పుల్లని దాని కాళ్ళకి అందించి, పట్టుకున్నాక నిదానంగా పైకెత్తి, వేలాడేలా ఏటవాలుగా నిలబెట్టండి. ఒళ్ళు గట్టిపడేలోపు, అంటే మొదటి కొన్ని నిమిషాల్లోనే ఈ పని జరగాలి. నేల మీద పడి ఉండగానే గట్టిపడితే కాళ్ళు ఏ వంకరలో ఉంటే అలాగే ఉండిపోతాయి.

మళ్ళీ జరగకుండా మూత లోపలి వైపు దోమతెర గుడ్డ అంటించండి. గ్లూ గన్ వాడితే చాలు. జిగురు పూర్తిగా ఆరి, వాసన పోయాకే పురుగుని వదలండి. డబ్బా ఎత్తు పురుగు పొడవుకి కనీసం మూడింతలు, వెడల్పు రెండింతలు ఉండాలి. 6 సెంటీమీటర్ల పురుగుకి 18 సెంటీమీటర్ల ఎత్తు కావాలన్నమాట. అది వేలాడే చోటుకి సరిగ్గా కింద పుల్లలు, ప్లాస్టిక్ ఆకులు పెట్టకండి. అందంగా అలంకరించిన డబ్బాల్లో జారుతున్న పురుగు కాళ్ళు వాటికి తగిలి వంకరపోతాయి.

చర్మం కాళ్ళకో కడుపుకో అంటుకుపోయింది

గాలిలో తేమ చాలకపోవడమే కారణం. ఏసీ గదిలో, ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోట, రాయలసీమ ఎండాకాలంలో ఇది తరచుగా జరుగుతుంది. డబ్బా లోపల తేమ 60 శాతం దగ్గర ఉండాలి. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పెడితే ఊహించే అవసరం ఉండదు. రోజుకి ఒకసారి సన్నటి తుంపర గోడల మీద చల్లండి. విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అంత తరచుగా చల్లక్కర్లేదు, అక్కడ బూజు పట్టకుండా గాలి ఆడేలా చూసుకోవాలి.

ఇప్పటికే అంటుకుని ఉంటే డబ్బా అడుగున గోరువెచ్చని తడిగుడ్డ పరిచి, గోడలకి తుంపర చల్లి, అరగంట వేచి చూడండి. అప్పటికీ ఊడకపోతే సన్నటి పెయింటింగ్ కుంచెని నీళ్ళలో ముంచి అంటుకున్న చోట మాత్రమే తడపండి. లాగకండి. చర్మంతో పాటు కాలు ఊడొస్తుంది. పాదం చివర చిన్న ముక్క మిగిలినా పరవాలేదు, తర్వాతి కుబుసంతో పోతుంది.

కాలు వంకరపోయింది, లేదా ఊడిపోయింది

ఇంకా కుబుసాలు మిగిలి ఉన్న పిల్ల పురుగైతే కంగారు వద్దు. ఊడిన కాలు తర్వాతి కుబుసంలో చిన్నదిగా మొలుస్తుంది, ఆ పైసారి పెరుగుతుంది. రెక్కలొచ్చేశాక మాత్రం బాగుపడదు. గాయం నుంచి ద్రవం కారుతుంటే చిటికెడు మొక్కజొన్న పిండి అద్దండి, గడ్డకట్టి ఆగుతుంది. ముందుకాళ్ళు పనిచేయకపోతే అది వేటాడలేదు. కీచురాయిని కోసి, లోపలి మెత్తటి భాగం ట్వీజర్‌తో నోటికి తాకించండి. రుచి తెలిస్తే దానంతటదే నమలడం మొదలుపెడుతుంది. రోజు మార్చి రోజు ఓపిగ్గా తినిపిస్తే ఇలాంటివి కూడా బతుకుతాయి.

రెక్కలు ముడుచుకుపోయాయి

విప్పుకునేటప్పుడు రెక్కలు గోడకి తగిలాయి, లేదా తేమ చాలక మధ్యలోనే ఎండాయి. సాగదీయాలని చూడకండి, చిరుగుతాయి. ఎగరలేకపోయినా దాని ఆయుష్షుకి ఏమీ కాదు.

కుబుసం విడిచింది కానీ తినడం లేదు

దవడలు ఇంకా గట్టిపడలేదు. పిల్లలకి ఒక రోజు, రెక్కలొచ్చిన వాటికి రెండు మూడు రోజులు ఆగి మేత వేయండి, మొదటిసారి చిన్న ఎర చాలు. నీటి తుంపర మాత్రం అందుబాటులో ఉంచండి.

కాళ్ళు గిలగిలా కొట్టుకుంటోంది, వణుకుతోంది, పడిపోతోంది

చూడటానికి కుబుసం చెడినట్టే ఉంటుంది. పాత చర్మం ఎక్కడా చిట్లకపోతే విషం అయ్యుంటుంది. దోమల కాయిల్, ప్లగ్గుకి పెట్టే ద్రవం, బొద్దింకల స్ప్రే, వీటిలో వాడే మందులు గొల్లభామ నరాల మీద కూడా అలాగే పనిచేస్తాయి. డబ్బాని వెంటనే గాలి ఆడే వేరే గదికి మార్చండి. లోపలి గుడ్డ, పుల్లలు తీసేసి కొత్తవి పెట్టండి. మందు కొట్టిన పత్తి, కూరగాయల తోటల్లోంచి పట్టుకొచ్చిన మేత పురుగుల వల్ల కూడా ఇలాగే అవుతుంది. పురుగుని ఉంచిన గదిలో దోమలకి మందు వాడకండి, దోమతెర కట్టుకోండి.