ఓపీ చీటీ దగ్గర ఆపేస్తే కాగితం ఇలా రాయండి

మొన్న వానాకాలంలో కోనసీమ లంకల్లో ఉండే ఒక ట్రాన్స్ మహిళకి, నేను అక్కా అని పిలుస్తాను, పెద్దాసుపత్రికి తోడు వెళ్లా. పడవ దిగి రెండు బస్సులు మారి వెళ్తే, ఓపీ కౌంటర్లో కుర్రాడు ఆధార్‌లో ఉన్న పాత పేరు హాలంతా వినపడేలా చదివి, పెన్ను గాల్లో ఆపి "మేలా, ఫిమేలా?" అన్నాడు. అక్క చీటీ తీసుకోకుండానే వెనక్కి తిరిగింది. వచ్చింది జ్వరానికి.

అక్కడ గొడవపడితే ఏమీ రాదు, సూపరింటెండెంట్ గారికి తెల్లకాగితం మీద రాయాలి. ముందు జరిగింది రాయండి: తేదీ, టైము, ఏ కౌంటరు. "అవమానించారు" అని తేల్చేయకుండా అన్న మాట అన్నట్టే పెట్టండి.

తర్వాత హక్కు. ఐక్యరాజ్యసమితి అని పెద్దక్షరాలతో రాస్తే ఎవరూ కదలరు, వరస ముఖ్యం. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. దాని 12వ అధికరణం ప్రకారం ఆరోగ్యం అందరి హక్కు, అందులో జెండర్ గుర్తింపును బట్టి తేడా చూపకూడదని దాన్ని చూసుకునే కమిటీ 2009లో స్పష్టంగా చెప్పింది. లైంగికత, జెండర్ గుర్తింపు ఉన్నవాళ్ల హక్కుల మీద నిపుణులు రాసిన యోగ్యకర్త సూత్రాల్లో 17వది కూడా ఆరోగ్యం గురించే (యోగ్యకర్త ఇండోనేషియాలో ఊరు, మనిషి పేరు కాదు). "అవి ఒప్పందం కాదుగా" అని ఎవరైనా అంటే నిజమే, కాదు. కానీ 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ వేసిన కేసు) తీర్పులో సుప్రీంకోర్టు వాటిని ఆధారంగా తీసుకుని, ఆసుపత్రుల్లో ట్రాన్స్‌జెండర్లకు సరైన వైద్యం అందించమని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించింది. ఒక్క లైనుకే చోటుంటే ఈ తీర్పే రాయండి, పక్కన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, 2019లో 15వ సెక్షన్ వేయండి.

జ్వరానికి వెళ్తే "ఇది మానసిక జబ్బు" అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమల్లో పెట్టిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక జబ్బుల్లోంచి తీసేశారని ఒక ముక్క కలపండి.

చివర్లో ఏం కావాలో అడగండి: ఏ పేరుతో పిలవాలి, ఏ వార్డులో ఉంచాలి అన్నది మనిషినే అడగాలని, రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని. రెండు కాపీలు తీసుకెళ్లి రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. జెనీవాలో ఆ కమిటీకే కేసు వేయిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే, ఆ ఒడంబడికకు అనుబంధమైన ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మన దేశం చేరలేదు.

స్టాంపు పడగానే ఫోన్లో ఫొటో తీసుకోండి. అక్క కాపీ తిరుగు పడవలోనే తడిసిపోయింది.