మోల్ లెక్కలు, 6వ పాఠం: ఒకే గుణకాన్ని రెండుసార్లు ఖర్చు పెట్టకండి

ఈసారి ఒక క్రియాజనకం (చర్యలో ఖర్చయ్యే పదార్థం) మిగిలిపోయే లెక్కలు మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం చివరి లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక అది వాయిదా వేశాను.

లెక్క ఇది. రైలు పట్టాలు అతకడానికి వాడే థెర్మైట్ చర్య:

ఫెర్రిక్ ఆక్సైడ్ + 2 అల్యూమినియం → 2 ఇనుము + అల్యూమినియం ఆక్సైడ్

5.6 కిలోల ఇనుము రావాలంటే ఫెర్రిక్ ఆక్సైడ్ ఎంత, అల్యూమినియం ఎంత? మోలార్ ద్రవ్యరాశులు, అంటే ఒక మోల్ (డజను లాంటిదే, కణాలను లెక్కపెట్టే ఒక స్థిర సంఖ్య) బరువు గ్రాముల్లో, సమీకరణంలోని వరుసలో 160, 27, 56, 102. (ఇనుముకి 55.85 వేసి దశాంశాలతో కుస్తీ పట్టినవాళ్లున్నారు. 56 చాలండీ.)

ఆక్సైడ్‌కి చాలామంది 4 కిలోలు అన్నారు. సరైన జవాబు 8. "2 ఇనుము" కనబడగానే 56ని 112 చేశారు. 5600ని 112తో భాగిస్తే 50 మోల్‌లు. తర్వాత రెండు మోల్‌ల ఇనుముకి ఒక మోల్ ఆక్సైడ్ కదా అని మళ్లీ సగం చేశారు, 25. దాన్ని 160తో గుణిస్తే 4 కిలోలు. సమీకరణంలో ఇనుము ముందు ఉన్న ఒక్క 2ని, అంటే దాని గుణకాన్ని, రెండుసార్లు వాడేశారు.

ఇనుము ముందు 2 ఉన్నా 7 ఉన్నా దాని మోలార్ ద్రవ్యరాశి 56. సంచిలో రెండు కిలోల టమాటాలున్నాయని కిలో ధర రెట్టింపు కాదు.

5600ని 56తో భాగిస్తే 100 మోల్‌లు. అందులో సగం, అంటే 50 మోల్‌ల ఆక్సైడ్: 8 కిలోలు. అల్యూమినియం 100 మోల్‌లు: 2.7 కిలోలు.

నన్ను ఎక్కువ చిరాకు పెట్టింది ఆ 2.7. ఆక్సైడ్ తప్పినవాళ్లలో కొందరికి ఇది సరిగ్గా వచ్చింది. ఎలాగంటే, ఇనుముకి 112 వేసినట్టే అల్యూమినియంకి 54 వేశారు. 50 ఇంటూ 54. రెండు గుణకాలూ 2 కాబట్టి తప్పుకు తప్పు చెల్లయింది. టిక్కు పడింది, అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇందులో నా తప్పూ ఉంది. పోయినసారి రెండు పద్ధతులు ఒకేచోట చూపించాను. త్రైరాశికంలో గుణకాన్ని ముందే కలిపేస్తాం: 112 కిలోల ఇనుముకి 160 కిలోల ఆక్సైడ్, 54 కిలోల అల్యూమినియం. ఆపైన నిష్పత్తి ఊసే ఎత్తం. మోల్‌ల పద్ధతిలో గుణకానికి నిష్పత్తి దగ్గరే పని. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లకే 4 వచ్చింది. నిజానికి నా సొంత లెక్కలకు నేను వాడేది త్రైరాశికమే. టన్నులిస్తే టన్నుల్లోనే తేలిపోతుంది, గ్రాముల్లోకి మార్చే బెడద లేదు. వాయువులు, ద్రావణాలు వచ్చాక అది ఇబ్బంది పెడుతుంది గనక మీరు మోల్‌లు వదలకండి.

జవాబు రాశాక ఒక్కసారి కూడి చూడండి. ఇటు 8 + 2.7, అటు 5.6 + 5.1. రెండు పక్కలా 10.7. ఆమాత్రం ఓపిక లేకపోతే ఇంకో మాట: 4 కిలోల ఫెర్రిక్ ఆక్సైడ్‌లో ఉన్న ఇనుమే 2.8 కిలోలు. 5.6 ఎక్కణ్ణుంచి వస్తుంది?

అభ్యాసం ఒక్కటే, కాస్త గట్టిది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు చూసే ఉంటారు. రాయిని కాలిస్తే పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్), దానికి నీళ్లు కలిపితే తడిసున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్). 7.4 టన్నుల తడిసున్నం కావాలి. రాయిలో కాల్షియం కార్బొనేట్ 80 శాతమే. రాయి ఎన్ని టన్నులు, చర్యలో కలిసిపోయే నీళ్లు ఎన్ని టన్నులు? సమీకరణాలు మీరే రాసుకోండి. రాయికి 8 టన్నులు వచ్చినవాళ్లు 80 శాతాన్ని ఎటు వాడారో చూసుకుని మళ్లీ చేయండి.