పాత కారుకు టూకే రంగు వేయించే ముందు

పోయిన నెలలో మాకు తెలిసిన పెయింటర్ ఒకరిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ పగలే ఒక పాత అంబాసిడర్ బానెట్‌కు స్ప్రే గన్‌తో టూకే రంగు ఆఖరి కోటు కొట్టాడు. మధ్యాహ్నం మూడింటికి పని అయిపోయింది. సాయంత్రానికి గొంతులో గరగర, భోజనాల వేళకు పొడిదగ్గు, పన్నెండు దాటాక ఊపిరి అందలేదు. ఇంట్లోవాళ్లు అప్పటిదాకా జలుబనే అనుకున్నారు. అతనికి మాస్కు లేక కాదు, ఉంది. గన్ ఆపగానే దాన్ని నుదుటి మీదికి నెట్టి, తల వంచి, రంగు ఎలా మెరుస్తోందో పక్కనుంచి చూసుకున్నాడు. చేసిన తప్పు అదొక్కటే.

వానలు వెనకబట్టాయి. పాత కార్లున్నవాళ్లంతా షెడ్డుల వైపు చూసే రోజులివి. సిగరెట్ కాల్చకండి, పిల్లలకు దూరంగా ఉంచండి వంటివి డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

ముందు ఈ రంగు సంగతి

పాత డ్యూకో రంగులో థిన్నర్ (రంగును పలచన చేసే ద్రవం) ఆవిరైపోతే పొర ఆరిపోయేది. టూకే (2K, అంటే రెండు భాగాలు కలిపి కొట్టే రంగు) అలా ఆరదు. రంగు, హార్డనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) కలిసి రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. ఎండకూ పెట్రోలు చుక్కకూ తట్టుకునే శక్తి అక్కడినుంచే వస్తుంది. ఆ హార్డనర్‌లో ఉండేది ఐసోసైనేట్. భోపాల్‌లో 1984లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ కూడా ఈ కుటుంబానిదే, అయితే రెండూ ఒకటి కావు. అది ఇట్టే ఆవిరయ్యే పదార్థం. కార్ల హార్డనర్‌లో ఉండేది అంత తేలికగా గాలిలోకి లేవదు. దాన్ని సన్నని తుంపరగా మార్చి మన ముక్కు ముందు నిలబెట్టేది స్ప్రే గన్.

షెడ్డులో వచ్చే ఘాటు వాసన థిన్నర్‌ది. ఐసోసైనేట్ వాసన ముక్కుకు తెలిసేసరికే అది గాలిలో ఉండకూడని మోతాదు దాటిపోయి ఉంటుంది. కాబట్టి "వాసన పోయింది కదండీ" అని మాస్కు తీసేవాడికి నిజంగా తెలిసింది ఏమీ లేదు. తుంపర కంటికి కనిపించనంత సన్నగా ఇంకా తేలుతూనే ఉంటుంది.

పైగా దీని దెబ్బ మద్యంలా దిగిపోయేది కాదు. శరీరానికి ఒకసారి ఇది సరిపడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం వస్తుంది. ఇరవై ఏళ్లు ఏమీ కాని మనిషికి ఇరవై ఒకటో ఏట రావచ్చు. అప్పుడిక వృత్తి మానుకోవడమే. బ్రిటన్‌లో పనిచోట్ల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ లెక్కలో, అక్కడి సగటు మనిషితో పోలిస్తే వాహనాలకు రంగు కొట్టేవారికి ఉబ్బసం ముప్పు సుమారు 80 రెట్లు. యూరోపియన్ యూనియన్‌లో డైఐసోసైనేట్ (ఐసోసైనేట్‌లలో ఒక రకం) 0.1 శాతం మించిన సరుకును శిక్షణ లేకుండా వృత్తిలో వాడటం 2023 ఆగస్టు 24 నుంచి కుదరదు. మన దగ్గర హార్డనర్ ఎవరికైనా, ఎప్పుడైనా దుకాణంలో దొరుకుతుంది.

మాస్కు గురించి

ముక్కుకు కట్టుకున్న రుమాలు, ఎన్95 ఈ పనికి లెక్కలోకి రావు. గాలిని వడగట్టే బొగ్గు డబ్బీల మాస్కు కొంత నయమే. కాని ఆ డబ్బీ అయిపోయిందని చెప్పే వాసన ఐసోసైనేట్‌కు లేదు. బయటినుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కే సరైనది. ఆ గాలి గన్‌కు వాడే నూనె కంప్రెసర్ నుంచి నేరుగా తీసుకోకండి. నూనె తుంపర వస్తుంది, యంత్రం వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ కూడా రావచ్చు. ముఖానికి అతుక్కోవలసిన మాస్కయితే గడ్డం గీసుకోవాలి. రెండు రోజుల గడ్డం కూడా సందు ఇస్తుంది.

మళ్లీ చెబుతున్నాను, గన్ ఆగినంత మాత్రాన మాస్కు తీయకూడదు. రంగు కొట్టడానికే కట్టిన మంచి బూత్‌లోనైతే గాలి కొన్ని నిమిషాల్లో శుభ్రపడుతుంది. మామూలు గదిలో 20 నిమిషాలు దాటవచ్చు. మీ షెడ్డుకు ఎంత పడుతుందో తెలుసుకోవడానికి ముందు రోజే, కారు లోపలికి తేకముందే, థిన్నర్ డబ్బా ఒక్కటీ లేనప్పుడు, సాంబ్రాణి వేసి గది నింపండి. గాలి బయటికి లాగే ఫ్యాను తిప్పి, ఆఖరి పొగ తెర పోయేదాకా గడియారం చూడండి. ఆ అంకెను సుద్దతో తలుపు మీద రాయండి. మరుసటి రోజు ఆ అంకె దాటేదాకా మెరుపు చూడాలనిపించినా మాస్కులోనుంచే చూడండి.

కారు గురించి

డిక్కీ మూత లోపలివైపు థిన్నర్ గుడ్డతో రుద్దండి. రంగు గుడ్డకు అంటితే కింద ఉన్నది డ్యూకో. దాని మీద నేరుగా టూకే కొడితే ముడతలు లేవవచ్చు. గీకి తీసేయడమే మేలు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. గ్రైండర్ పెట్టకండి, నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తోనే రుద్దండి.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో:

- హార్డనర్ డబ్బాలో నీటి చుక్క పడనివ్వకండి. కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, మూత బిగిస్తే డబ్బా ఉబ్బి పగలవచ్చు.
- ఒక కంపెనీ రంగులో ఇంకో కంపెనీ హార్డనర్ కలపకండి.
- కంటి కొలత వద్దు. కొలత గీతలున్న కప్పు వాడండి.
- గాలి లాగడానికి టేబుల్ ఫ్యాను పెట్టకండి. దాని మోటారు నిప్పురవ్వకు థిన్నర్ ఆవిరి అంటుకోవచ్చు.
- ఇంటి పోర్టికోలో కొట్టకండి. తుంపర పక్కింటి కిటికీ దాకా పోతుంది.
- టీ తెచ్చే కుర్రాడు గుమ్మం బయటే ఆగాలి.
- కారు యజమాని కూడా.
- ఉబ్బసం ఉన్నవారు ఆ రోజు షెడ్డు వైపే రావద్దు.
- చేతులకు నైట్రైల్ గ్లౌజులు, ఒంటికి నిండు చొక్కా. ఐసోసైనేట్ చర్మానికి తగిలినా శరీరానికి సరిపడకుండా పోవచ్చు.
- గన్ కడిగేటప్పుడు మాస్కు ఉండాలి.
- ఒక కోటు అయ్యాక ఇంకో కోటు కొట్టేలోపు విరామంలో మాస్కు ఉండాలి.
- ఫోను మోగినా మాస్కు ఉండాలి.
- "ఒక్క క్షణం చూసి వస్తాను" అన్నా మాస్కు ఉండాలి.
- ఆ రాత్రి దగ్గు, ఛాతీ బిగుతు వస్తే జలుబని సర్దుకోకండి. గంటల తర్వాత రావడం దీని అలవాటు. ఆసుపత్రికి హార్డనర్ డబ్బా చీటీ ఫొటో తీసుకెళ్లి, "ఐసోసైనేట్" అన్న మాట డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన చూసి సరే అనేదాకా రెండో రోజు గన్ పట్టుకోకండి.