ఇత్తడి వాల్వ్ స్పిండిల్ విరిగితే

బోరు లైన్లో గేట్ వాల్వ్ తిప్పుతుంటే స్పిండిల్ (లోపల నీటిని ఆపే పలకను, అంటే గేటును, ఎత్తీ దించే కడ్డీ) పుటుక్కున విరిగింది. విరిగినచోట పసుపు లేదు. రాగిలా ఎర్రగా, గుల్లగా ఉంది. ఉప్పునీళ్లకు ఇత్తడిలోని జింకు కరిగిపోయి బలంలేని రాగి మిగులుతుంది. జింకు 15 శాతం దాటితే ఈ ముప్పు ఎక్కువ. మామూలు ఇత్తడిలో 35–40 దాకా ఉంటుంది.

గన్‌మెటల్ వాల్వ్ వేశాను: రాగి 85, తగరం, సీసం, జింకు తలా 5 శాతం. బాడీ గన్‌మెటల్ అయినా స్పిండిల్ ఇత్తడిదే ఉండొచ్చు, అడిగి చూసుకోవాలి. సీసం ఉంది కాబట్టి తాగునీటి లైనుకు మాత్రం వద్దు.

బిగించేటప్పుడు రెంచి పైపు ఎక్కే వైపు అంచునే పట్టాలి. అవతలి అంచు పడితే బాడీ మెలిపడి గేటు సరిగ్గా కూర్చోదు. గ్లాండ్ (స్పిండిల్ బయటికొచ్చేచోట నీరు కారకుండా ఆపే భాగం) దగ్గర చెమ్మ కనిపిస్తే నట్టు పావు చుట్టు బిగిస్తే చాలు.